బ్లెండర్‌లో బొమ్మ చెయ్యి దించితే సాగిపోతోందా? వెయిట్లు ముట్టుకునే ముందు స్కేల్ చూడండి

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మకి ఆర్మేచర్, అంటే బోన్‌ల అస్థిపంజరం, బిగించారు. ఏ బోన్ బొమ్మలో ఏ భాగాన్ని ఎంత లాగాలో చెప్పే వెయిట్లని బ్లెండరే లెక్కకట్టేలా, ఆటోమేటిక్ వెయిట్స్‌తో పేరెంట్ చేశారు, అంటే రెండింటినీ ముడివేశారు. కదపకముందు అంతా బాగానే ఉంది. బోన్ తిప్పగానే చెయ్యి పొడవు మారిపోతుంది, ముంజేయి సన్నబడుతుంది, మోచెయ్యి ఏటవాలుగా నలుగుతుంది. ఇది చూసి చాలామంది నేరుగా వెయిట్ పెయింట్‌లోకి దూకుతారు. రెండు మూడు గంటలు బ్రష్‌తో రుద్దుతారు. వెయిట్లలో తప్పు లేనప్పుడు ఎంత రుద్దినా చెయ్యి బాగుపడదు. అరనిమిషం పట్టే ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే ఆ గంటలన్నీ మిగిలేవి. అందుకే దాన్నే మొదట చెబుతున్నాను.

బ్లెండర్ తెరవడం, మోడ్‌లు మార్చడం, బోన్ తిప్పడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. కింద చెప్పిన మెనూలు 2.8 తర్వాతి వెర్షన్లవి.

లక్షణం: బోన్ తిప్పితే అవయవం సాగుతుంది, సన్నబడుతుంది, ఏటవాలుగా పోతుంది

పై మెనూతో ఆబ్జెక్ట్ మోడ్‌లోకి రండి. ఆర్మేచర్‌ని ఎంచుకుని ఎన్ కీ నొక్కండి. కుడివైపు తెరుచుకునే పట్టీలో ఐటమ్ ట్యాబ్ కింద స్కేల్ అని మూడు గడులు ఉంటాయి. మూడింట్లోనూ 1.000 ఉండాలి. తర్వాత మెష్‌ని, అంటే బొమ్మ ఒంటిని, ఎంచుకుని అవే గడులు చూడండి. ఎక్కడైనా 1.250 అనో, 0.010 అనో, మైనస్ గుర్తుతోనో కనబడితే దొంగ దొరికినట్టే.

ఇక్కడే చాలామంది మోసపోతారు. పోజ్ మోడ్‌లో ఉండగా ఎన్ నొక్కితే కనిపించే స్కేల్ ఆర్మేచర్‌ది కాదు, మీరు ఎంచుకున్న ఆ ఒక్క బోన్‌ది. అది దాదాపు ఎప్పుడూ 1.000 గానే ఉంటుంది. అది చూసి ‘స్కేల్ చూశాను, బాగానే ఉంది’ అనుకుని ముందుకు పోతారు. ఆబ్జెక్ట్ మోడ్‌లో చూడనంతవరకు చూసినట్టు కాదు. ఇంకో చోటు కూడా ఉంది. బయటి నుంచి ఇంపోర్ట్ చేసిన మోడల్‌లో ఆర్మేచర్ స్కేల్ 1.000 ఉన్నా, దాని పైన పేరెంట్‌గా ఒక ఎంప్టీ (ఆకారం లేని ఖాళీ ఆబ్జెక్ట్) ఉండి, అసలు స్కేల్ దాని దగ్గర ఉండొచ్చు. అవుట్‌లైనర్‌లో, అంటే ఆబ్జెక్ట్‌ల జాబితాలో, పైదాకా వెళ్లి ఒక్కొక్కటీ చూడండి.

ఇది ఎక్కడినుంచి వస్తుంది

ఎడిట్ మోడ్‌లో ఎస్ నొక్కి పెద్దది చేస్తే వర్టెక్స్‌లే (మెష్ ఆకారాన్నిచ్చే బిందువులు) జరుగుతాయి, స్కేల్ గడులు మారవు. ఆబ్జెక్ట్ మోడ్‌లో అదే ఎస్ నొక్కితే వర్టెక్స్‌లు ఉన్నచోటే ఉంటాయి. పైన ఒక గుణకం మాత్రం వచ్చి కూర్చుంటుంది. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా బయటపడేది బోన్ తిప్పినప్పుడే.

ఎక్కువసార్లు జరిగేది ఇదీ. బొమ్మ ఎత్తు 1.70 మీటర్లు, చేతులు రెండు పక్కలకి చాచి ఉన్నాయి. తయారు చేసిన ఆర్మేచర్ 1.36 మీటర్లే ఉంది. తల దాకా అందలేదని ఆబ్జెక్ట్ మోడ్‌లోనే ఎస్, జెడ్, 1.25 కొట్టి నిలువుగా సాగదీశారు. బోన్‌లు సరిగ్గా కుదిరాయి, పేరెంట్ చేశారు. ఇప్పుడు ఆర్మేచర్‌కి నిలువు దిక్కులో 1.25 గుణకం ఉంది, అడ్డం దిక్కులో లేదు. చాచిన చెయ్యి అడ్డంగా ఉంది కాబట్టి దాని పొడవు మీద గుణకం పడలేదు. అది 0.60 మీటర్లు అనుకోండి. అదే చెయ్యిని కిందికి దించితే నిలువు దిక్కులోకి వచ్చింది. వెంటనే 1.25 పడి 0.75 మీటర్లు అవుతుంది. అంటే 15 సెంటీమీటర్లు సాగింది! నలభై అయిదు డిగ్రీల దగ్గర ఆపితే సుమారు 0.68. చెయ్యి మందం సంగతి దీనికి తలకిందులు. చాచినప్పుడు పైనుంచి కిందికి 10 సెంటీమీటర్లున్న చెయ్యి, దించేసరికి 8 అవుతుంది. పొడవు పెరిగి మందం తగ్గితే, నరాలు లాగినట్టు కనిపించే ఆ చెయ్యి వస్తుంది. వెయిట్ పెయింట్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఈ లెక్కే చెబుతుంది.

మూడు గడుల్లోనూ ఒకే అంకె, అంటే మూడూ 1.250, ఉంటే చెయ్యి సాగదు. అలాగని వదిలేయకండి. బెవెల్, సాలిడిఫై మందాలు, క్లాత్, రిజిడ్ బాడీ, గేమ్ ఇంజిన్‌కి ఎగుమతి, వీటిల్లో ఏదో ఒక చోట అది మళ్లీ తగులుతుంది. యూవీ అన్‌ర్యాప్ చేసేటప్పుడు స్కేల్ సమంగా లేదని బ్లెండర్ కిందిభాగంలో హెచ్చరిక కూడా చూపిస్తుంది. దాన్ని చదవకుండా దాటేయకండి.

సరిచేసే పద్ధతి

ముందు ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసుకోండి. పోజ్ మోడ్‌లో ఏ నొక్కి బోన్‌లన్నీ ఎంచుకుని ఆల్ట్ ఆర్, ఆల్ట్ జీ, ఆల్ట్ ఎస్ కొట్టండి. బొమ్మ మొదటి భంగిమకి వస్తుంది. ఆబ్జెక్ట్ మోడ్‌లోకి రండి. మెష్‌నీ ఆర్మేచర్‌నీ రెండింటినీ ఎంచుకుని, మౌస్ త్రీడీ వ్యూపోర్ట్ మీద ఉంచి కంట్రోల్ ఏ నొక్కి, వచ్చే మెనూలో స్కేల్ ఎంచుకోండి. బొమ్మ ఆకారం కొంచెం కూడా మారకూడదు. గడులు మాత్రం 1.000 కి రావాలి. మెష్‌కి చూపించే డైమెన్షన్స్ ముందూ తర్వాతా ఒకటే ఉంటే పని సరిగ్గా జరిగిందని అర్థం. వెయిట్లు వర్టెక్స్ గ్రూపుల్లో ఉంటాయి, అవి ఎక్కడికీ పోవు. ఆ భయంతో ఆగిపోవద్దు.

చేయకూడనివి రెండున్నాయి. గడిలో నేరుగా 1 అని టైప్ చేయకండి. అది అప్లై కాదు, గుణకాన్ని తీసేయడం. ఆర్మేచర్ మళ్లీ 1.36 మీటర్లకు కుంచించుకుపోతుంది. రెండోది, కంట్రోల్ ఏని పోజ్ మోడ్‌లో నొక్కకండి. అక్కడ వచ్చే మెనూ వేరు. ఉన్న పోజునే మొదటి భంగిమగా మార్చే పని దాంట్లో ఉంటుంది. పొరపాటున అది నొక్కితే వెంటనే కంట్రోల్ జెడ్.

రిగిఫై (రిగ్‌ని తనంతట తయారుచేసే యాడ్-ఆన్) వాడేవాళ్లు మెటారిగ్‌ని, అంటే దాని నమూనా అస్థిపంజరాన్ని, బొమ్మకి సరిపెట్టాక, జనరేట్ నొక్కేముందు ఈ పని చేయాలి. జనరేట్ అయ్యాక దిద్దడం కన్నా మెటారిగ్‌కి స్కేల్ అప్లై చేసి మళ్లీ జనరేట్ చేయడమే తేలిక.

కంట్రోల్ ఏ నొక్కితే మల్టీ యూజర్ అని ఎర్రర్ వస్తే, ఆ మెష్‌ని ఇంకో ఆబ్జెక్ట్ కూడా పంచుకుంటోందని అర్థం. ఆల్ట్ డీతో కాపీ చేస్తే ఇలాగే అవుతుంది. ఆబ్జెక్ట్ మెనూలో రిలేషన్స్, మేక్ సింగిల్ యూజర్, ఆబ్జెక్ట్ అండ్ డేటా ఎంచుకుని మళ్లీ అప్లై చేయండి. ఆ తర్వాత ఒకదాన్ని మారిస్తే రెండోది మారదు.

అద్దంలా తిప్పి చేసిన చేతికో చెప్పుకో స్కేల్ -1.000 ఉంటుంది. దాన్నీ అప్లై చేయండి. తర్వాత ఓవర్‌లేల్లో ఫేస్ ఓరియంటేషన్ ఆన్ చేయండి. బయటివైపు ఎర్రగా ఉండకూడదు. ఎర్రగా ఉంటే ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని షిఫ్ట్ ఎన్ నొక్కండి.

యానిమేషన్ చేసేశాక స్కేల్ సంగతి తెలిస్తే

ఆబ్జెక్ట్ స్కేల్ మీదే కీఫ్రేమ్‌లు (ఫలానా ఫ్రేమ్‌లో గుర్తుపెట్టిన విలువలు, పొట్టిగా కీలు) ఉంటే అప్లై చేసినా నిలవదు. ఫ్రేమ్ మారగానే పాత అంకె తిరిగొస్తుంది. ముందు ఆ కీలు తీసేయాలి.

మూడు గడుల్లో ఒకే అంకె ఉన్నంతవరకు బోన్‌ల రొటేషన్ కీలకి భయం లేదు. లొకేషన్ కీలే అసలు చిక్కు. మిక్సామో (రెడీమేడ్ బొమ్మలు, కదలికలు ఇచ్చే సైట్) నుంచి దించుకున్న ఎఫ్‌బీఎక్స్ ఫైల్‌ని ఇంపోర్ట్ చేస్తే ఆర్మేచర్ స్కేల్ సాధారణంగా 0.010 అని వస్తుంది. దాన్ని అప్లై చేసి ప్లే చేస్తే మనిషి అడుగు వేయగానే ఎక్కడికో ఎగిరిపోతాడు. బోన్‌లు కొత్త కొలతకి వచ్చాయి, కీలు మాత్రం పాత కొలతలోనే, అంటే వంద రెట్లుగా మిగిలాయి. నడుము బోన్ ఎంచుకుని గ్రాఫ్ ఎడిటర్ తెరవండి. దాని లొకేషన్ వంపులు మాత్రమే ఉంచి కీలన్నీ ఎంచుకోండి. పివట్ పాయింట్‌ని టూడీ కర్సర్‌కి మార్చి, పక్క పట్టీలో కర్సర్ వై విలువ 0 పెట్టండి. ఆపైన ఎస్, వై, 0.01, ఎంటర్. లొకేషన్ కీలున్న ప్రతి బోన్‌కీ ఇదే చేయాలి. కర్సర్ సున్నా మీద లేకుండా చేస్తే వంపు చిన్నదవుతుంది కానీ జరిగిపోతుంది, పాదాలు నేలలోకి దిగుతాయి.

మూడు దిక్కుల్లో మూడు అంకెలున్న ఆర్మేచర్ మీద నిమిషాల కొద్దీ యానిమేషన్ చేసి ఉంటే ఈ ఒక్క గుణకారం చాలదు. ఒక్కో బోన్ అక్షాలు ఒక్కో దిక్కుగా ఉంటాయి కాబట్టి, లొకేషన్ కీలున్న బోన్‌లని విడివిడిగా చూసుకోవాలి. తప్పించుకునే దారి లేదు.

లక్షణం: చక్రం తిరుగుతూ కోడిగుడ్డవుతోంది

ఇదీ అదే జబ్బు, బోన్‌లు లేకుండా. ఎడ్లబండి చేశారు. చక్రాన్ని బండి తొట్టికి పేరెంట్ చేశారు. తర్వాత తొట్టి పొట్టిగా ఉందని ఆబ్జెక్ట్ మోడ్‌లో ఎక్స్ దిక్కులో 1.5 సాగదీశారు. చక్రం కూడా సాగింది. దాన్ని మాత్రం ఎక్స్‌లో 0.667 కి కుదించి గుండ్రం చేసుకున్నారు. నిలిచి ఉన్న బండి చక్కగా ఉంది. చక్రం పావు చుట్టు తిరిగేసరికి ఆ 0.667 నిలువుకి వెళ్లింది, తొట్టి ఇచ్చిన 1.5 అడ్డంగానే ఉంది. ఫలితం, వెడల్పు ఒకటిన్నర రెట్లు, ఎత్తు మూడింట రెండు వంతులు. అర చుట్టుకి మళ్లీ గుండ్రం.

చక్రం రొటేషన్ సున్నా ఉన్న ఫ్రేమ్‌కి వెళ్లి, ముందు తొట్టికి, తర్వాత చక్రానికి స్కేల్ అప్లై చేయండి. ఇకమీదట పేరెంట్ చేశాక పొడవు మార్చాలంటే ఎడిట్ మోడ్‌లోనే మార్చండి.

లక్షణం: బోన్ హీట్ వెయిటింగ్ ఫెయిల్ అయిందని ఎర్రర్

ఆటోమేటిక్ వెయిట్స్ లెక్క కుదరనప్పుడు ఇది వస్తుంది. మొదట డబుల్ వర్టెక్స్‌లు (ఒకే చోట రెండేసి ఉన్నవి) చూడండి. ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని ఎం, బై డిస్టెన్స్. దూరం 0.0001 మీటరుతో మొదలుపెట్టండి. కింద ఎన్ని తీసేసిందో చూపిస్తుంది. తర్వాత షిఫ్ట్ ఎన్. అయినా వస్తే బట్ట లోపల దాగిన ఒళ్లు, ఒకదాంట్లోంచి ఇంకొకటి దూసుకుపోయిన ముక్కలు వెతకండి. బొమ్మ మరీ చిన్నదైనా ఇదే ఎర్రర్ వస్తుంది. మెష్‌నీ ఆర్మేచర్‌నీ కలిపి 10 రెట్లు పెంచి, స్కేల్ అప్లై చేసి, అప్పుడు పేరెంట్ చేయండి. మళ్లీ 0.1 కి తగ్గించాక అప్లై మర్చిపోవద్దు.

లక్షణం: బోన్ కదిలినా మెష్ కదలదు

మెష్‌కి ఆర్మేచర్ మాడిఫయర్ ఉందా, దాని ఆబ్జెక్ట్ గడి ఖాళీగా ఉందా చూడండి. బోన్‌లే కదలకపోతే ఆర్మేచర్ డేటా ట్యాబ్‌లో రెస్ట్ పొజిషన్ నొక్కి ఉండొచ్చు, పోజ్ పొజిషన్‌కి మార్చండి. బోన్‌లని ఎడిట్ మోడ్‌లో కదుపుతూ మెష్ రావట్లేదనేవాళ్లు కూడా తక్కువేం కాదు. పోజ్ మోడ్‌లో కదపాలి.

లక్షణం: చొక్కాలోంచి ఒక మొన వెనకే ఉండిపోతుంది

ఆ వర్టెక్స్‌కి వెయిట్ లేదు. ఎడిట్ మోడ్‌లో సెలెక్ట్ మెనూ, ఆల్ బై ట్రెయిట్, అన్‌గ్రూప్డ్ వర్టెక్స్‌లు. దొరికిన వాటిని పక్క వర్టెక్స్‌ల గ్రూపులోనే వేయండి. వెయిట్ పెయింట్‌తో నిజంగా పని పడేది ఇలాంటి చోట్లే.

లక్షణం: మోచెయ్యి మడిస్తే పైపులా నలుగుతుంది

స్కేల్ 1.000 అని తేలాకే ఇక్కడికి రండి. మోచేతి మడత దగ్గర కనీసం మూడు ఎడ్జ్ లూప్‌లు (చేతి చుట్టూ తిరిగే గీతలు) ఉండాలి. ఒకటే ఉంటే ఏ వెయిటూ కాపాడలేదు. మాడిఫయర్ల వరస కూడా చూడండి. మిర్రర్ పైన, తర్వాత ఆర్మేచర్, ఆ కింద సబ్‌డివిజన్.

లక్షణం: పెట్టిన పోజు ప్లే చేయగానే పోతుంది

కీ పెట్టలేదు. ఐటమ్ ట్యాబ్‌లో గడి రంగే చెబుతుంది. పసుపైతే ఈ ఫ్రేమ్‌లో కీ ఉంది. ఆకుపచ్చైతే వేరే ఫ్రేముల్లో ఉంది. నారింజైతే మీరు మార్చారు కానీ కీ పెట్టలేదు, ఐ నొక్కండి.

లక్షణం: నడక ప్రతి చుట్టుకీ ఒకసారి తడబడుతుంది

మొదటి భంగిమ, చివరి భంగిమ ఒకటే కాబట్టి ఆ పోజు వరసగా రెండు ఫ్రేములు నిలబడిపోతోంది. 1 లో పెట్టిన పోజుని 25 లో కాపీ చేసి, ఎండ్ ఫ్రేమ్‌ని 24 దగ్గర పెట్టండి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కలో సరిగ్గా ఒక సెకను చుట్టు వస్తుంది.

గ్రాఫిక్స్ డ్రైవర్ పాడై బొమ్మ వంకరపోవడం, డెల్టా ట్రాన్స్‌ఫామ్‌లో అంకెలు దాక్కోవడం, బ్లెండర్‌లోని డ్రైవర్లు (ఒక విలువని ఇంకోదానితో నడిపేవి) ఒకదాన్నొకటి చుట్టుకోవడం చాలా అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.