బొగ్గుతో మనిషి బొమ్మ – 6వ పాఠం: ముఖం చూపకుండా ఆమెను గీయడం

పక్కకు తిరిగిన తల ఈపాటికి చేతికి వచ్చే ఉంటుంది. ఈసారి తలను పూర్తిగా అటు తిప్పేద్దాం.

ముఖం లేని బొమ్మ అనగానే చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ వేసిన మదర్ థెరిసా చిత్రాలు గుర్తొస్తాయి. ముఖం ఉండాల్సిన చోట ఖాళీ, అయినా నీలం అంచు తెల్లచీర చూడగానే ఎవరో తెలిసిపోతుంది. మనం చేయబోయేది దీనికి ఎదురు. మనిషి కనబడాలి, ఎవరో తెలియకూడదు. దెబ్బలు తిని ఇల్లు వదిలిన అమ్మాయో, కోర్టులో కేసు నడుస్తున్న స్త్రీయో మన ముందు కూర్చున్నప్పుడు ఈ విద్య తప్పనిసరి.

పేరు దాస్తే చాలదు. 1884లో పారిస్ సలోన్ అనే పెద్ద చిత్ర ప్రదర్శనలో చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ పెట్టిన ఒక స్త్రీ చిత్రానికి ‘మేడమ్’ అని రాసి, పేరు చోట చుక్కగుర్తులు (***) పెట్టారు. ఆ ముక్కు, పౌడరుతో పాలిపోయిన ఆ ఒళ్లు చూసి జనం వర్జినీ గోత్రోను ఇట్టే పట్టేశారు. గౌను పట్టీ భుజం మీంచి జారి ఉందని పెద్ద గొడవ. చిత్రం తీసేయమని ఆమె తల్లి వేడుకున్నా సార్జెంట్ ఒప్పుకోలేదు. తర్వాత పట్టీని సరిదిద్దాడు. 1916లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి అమ్మేటప్పుడు ఆమె పేరు వాడొద్దని కోరాడు. అప్పటికే ఆమె చనిపోయింది.

ఇక పని. ఆమెను కిటికీ వైపు తిరిగి, మీకు వీపు పెట్టి కూర్చోమనండి. ముక్కు కొన కనిపిస్తుంటే తల ఇంకాస్త అటు తిప్పమనండి. తల, మెడ, భుజాలు కలిపి బొగ్గుతో ఒకే ముద్దగా వేయండి. చెవిని జుట్టు కింద పోనివ్వండి, చెవులు కూడా మనిషిని పట్టిస్తాయి. మెడ నుంచి భుజానికి దిగే గీత దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఏ భుజం పైకి లేచింది, వెన్ను ఎక్కడ వంగింది, కొంగును వేళ్లతో ఎంత గట్టిగా పట్టుకుంది... ఆమె మనసు అక్కడే దొరుకుతుంది.

ఎదురుగానే గీయాల్సి వస్తే వెలుతురు వెనక నుంచి రానివ్వండి. ముఖమంతా ఒకే నీడ వేసి, దవడ అంచును వేలితో రుద్ది మెడ నీడలో కలిపేయండి. ముఖాన్ని కోడిగుడ్డులా తెల్లగా వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది. అది ఆమెను కాపాడటం కాదు, తుడిచేయడం.

పచ్చబొట్టు, మచ్చ, పుస్తెల నమూనా, గోడ క్యాలెండర్ మీద షాపు పేరు, ఏవీ బొమ్మలోకి రానివ్వొద్దు. ఫోన్‌లో ఫొటో తీసుకుంటే లొకేషన్ ఆపేయండి. లైంగిక దాడి కేసైతే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ వర్తిస్తుంది. పేరే కాదు, బాధితురాలు ఎవరో తెలిసిపోయే ఏ వివరం ప్రచురించినా రెండేళ్ల దాకా జైలు పడొచ్చు.

బొమ్మ ముందుగా ఆమెకే చూపించండి. "మా వాళ్లు పట్టేస్తారు" అంటే ఎక్కడో అడిగి, అక్కడ మార్చండి. వద్దంటే బొమ్మ ఆమెకే ఇచ్చేయండి.

అభ్యాసం: ఇంట్లో ఒకరిని వెనక నుంచి గీయండి. ఎవరో చెప్పకుండా మిగతావాళ్లకు చూపించండి. గుర్తుపడితే దేన్నిబట్టి పట్టారో అడిగి, కాగితం వెనక రాసుకోండి. ఆ ఆనవాలు తీసేసి మళ్లీ గీయండి. వచ్చే పాఠం చేతుల మీద. ఈ రెండు కాగితాలూ అప్పుడు కావాలి, దాచి ఉంచండి.