కోర్సు ఎన్నేళ్ళో లెక్కేసుకునే పద్ధతి

‘పాలిటెక్నిక్ అంటే చదువు రానివాళ్ళకి’, ‘నర్సింగ్ ఆడపిల్లలకే’. ఇంటర్ ఫలితాలొచ్చిన వారం విశాఖలో చుట్టాలందరిదీ ఇదే పాట. వాదన పెట్టుకోకుండా తెల్లకాగితం తీయండి.

పదో తరగతి నుంచి లెక్క మొదలుపెట్టండి, ఇంటర్ నుంచి కాదు. పొరపాటంతా అక్కడే జరుగుతుంది. ఇంటర్ 2, బీటెక్ 4: మొత్తం 6. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో డిప్లొమా 3, తర్వాత ఈసెట్ (డిప్లొమా వాళ్ళకుండే బీటెక్ ప్రవేశ పరీక్ష) రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో 3: అదీ 6 ఏళ్ళే. పైగా మూడేళ్ళకే చేతిలో ఒక సర్టిఫికెట్. కొన్ని డిప్లొమాలు మాత్రం మూడున్నరేళ్ళు, బ్రాంచి చూసుకోండి.

లాకీ ఇలాగే లెక్కేయండి: ఇంటర్ 2 కాక, నేరుగా చేరితే 5, డిగ్రీ మీదుగా వెళ్తే 3+3. ఎంబీబీఎస్‌కి నాలుగున్నరతో ఆగకండి, ఏడాది ఇంటర్న్‌షిప్ కలపండి.

పక్కనే ఇంకో గడి గీసి బ్యాక్‌లాగ్‌లకూ, ఎంట్రన్స్ కోచింగ్‌కూ ఒక ఏడాది వేయండి. హాస్టల్ ఖర్చు ఆ మొత్తం ఏళ్ళతో గుణించాలి. అంకెలు చూపించాక నాన్నగారు కాస్త మెత్తబడతారు. మామయ్యల సంగతి చెప్పలేం.