పైథాన్ లేని కంప్యూటర్‌లో పైథాన్ ప్రోగ్రామ్ నడవాలంటే: ఎక్జీ కట్టే పద్ధతి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులోని ఒక అడ్తి (కమీషన్) దుకాణానికి తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన రైతుకు ఇచ్చే లెక్క చీటీ, ప్రోగ్రామ్ రాశారనుకుందాం. రైతు పేరు, బస్తాలు, కాంటా తూకం, మిర్చి రకం, రేటు, ఖర్చులు కొడితే తెలుగులో పీడీఎఫ్ పట్టీ రావాలి. మీ ల్యాప్‌టాప్‌లో వస్తుంది. దుకాణంలోని కంప్యూటర్‌లో పైథాన్ ఉండదు. సీజన్‌లో గుమాస్తాను కూర్చోబెట్టి పైథాన్, లైబ్రరీలు వేయించడం కుదిరే పని కాదు. పైఇన్‌స్టాలర్ అనే పనిముట్టు పైథాన్‌నూ, ప్రోగ్రామ్ వాడే లైబ్రరీలనూ ఒకే కట్టగా, ఎక్జీగా (నొక్కితే నడిచే విండోస్ ఫైలు) కడుతుంది. దుకాణంలో డబుల్ క్లిక్ చేస్తే చాలు.

కమాండ్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో ఇస్తున్నాం, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

ముందు దుకాణం కంప్యూటర్‌ను చూడండి

చాలామంది కట్టడం అయిపోయాక ఈ పని చేస్తారు. సగం తిప్పలు అక్కడే మొదలవుతాయి. మై కంప్యూటర్ (కొత్త విండోస్‌లో ‘దిస్ పీసీ’) మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో రెండు సంగతులు రాసుకోండి: విండోస్ ఎన్నోది, 32 బిట్టా 64 బిట్టా. 64 బిట్ పైథాన్‌తో కట్టిన ఎక్జీ 32 బిట్ విండోస్‌లో తెరుచుకోదు. 32 బిట్‌తో కట్టింది రెండింటిలోనూ నడుస్తుంది. విండోస్ 7 ఉంటే పైథాన్ 3.8 దాటి పోవద్దు, ఆ విండోస్‌లో నడిచే చివరి వరుస అదే. అందులో రెడీమేడ్ ఇన్‌స్టాలర్‌తో వచ్చిన చివరిది 3.8.10. దానికి 2024 నుంచి భద్రతా సవరణలు కూడా లేవు కాబట్టి విండోస్ 10, 11 ఉన్నచోట కొత్త పైథాన్‌తోనే కట్టండి.

విండోస్ 7లో ఇంకో చిక్కు ఉంది. ‘ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ-రన్‌టైమ్’ అని మొదలయ్యే డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌లు వాడుకునే విండోస్ కోడ్ ఫైలు) లేదని ఎర్రర్ వస్తే తప్పు మీ ప్రోగ్రామ్‌ది కాదు. సర్వీస్ ప్యాక్ 1 తర్వాత కేబీ2999226 అనే అప్‌డేట్ వేయాలి. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి, అక్కడ నెట్ ఉంటుందని నమ్ముకోవద్దు.

ఎక్జీని విండోస్‌లోనే కట్టాలి. లినక్స్‌లో గానీ మ్యాక్‌లో గానీ కూర్చుని పైఇన్‌స్టాలర్‌తో విండోస్ ఎక్జీ తయారుచేయలేరు.

ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్

రోజూ వాడే పైథాన్‌లో నుంచి కట్టకండి. అందులో ఎప్పుడో వేసిన లైబ్రరీలు కూడా ఏదో ఒక దారిలో కట్టలోకి చేరి సైజు పెంచుతాయి. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే లైబ్రరీలేవీ లేని విడి పైథాన్ ఫోల్డర్, తీయండి (ఇక్కడ దాని పేరు ‘ప్యాక్’):

పై -3.8-32 -ఎం వెన్వ్ ప్యాక్
ప్యాక్\స్క్రిప్ట్స్\యాక్టివేట్
పిప్ ఇన్‌స్టాల్ పైఇన్‌స్టాలర్ ఎఫ్‌పీడీఎఫ్2 యూహార్ఫ్‌బజ్ ఓపెన్‌పైఎక్సెల్ టీకేక్యాలెండర్

64 బిట్ కొత్త విండోస్ అయితే మొదటి లైన్‌లో ‘-3.8-32’ అక్కర్లేదు. 32 బిట్ పాత పైథాన్‌కు ఏదైనా లైబ్రరీ సిద్ధంగా దొరక్కపోతే పిప్ దాన్ని అక్కడికక్కడ కంపైల్ చేయబోయి, మైక్రోసాఫ్ట్ సీ++ బిల్డ్ టూల్స్ కావాలంటుంది. ఆ పెద్ద మూట దించుకునే ముందు అదే లైబ్రరీ పాత వెర్షన్ నంబర్ ఇచ్చి చూడండి.

ఎక్సెల్ షీట్లో నుంచి రేట్లు చదవడానికే పాండాస్ వాడుతుంటే తీసేయండి. దాని వెంట నమ్‌పై కూడా వస్తుంది. ఆ పని ఓపెన్‌పైఎక్సెల్ ఒక్కటే చేస్తుంది.

చదివే ఫైళ్లు వేరు, రాసే ఫైళ్లు వేరు

అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని ఇది. ఫాంటు, లోగో వంటివి ప్రోగ్రామ్ చదువుతుందే తప్ప మార్చదు. అవి కట్టలో ఉండాలి. వాటి దారిని ‘__ఫైల్__’ ఆధారంగా రాయండి, కట్టక ముందూ తర్వాతా రెండుచోట్లా సరిపోతుంది. ‘ఫాంట్స్/తెలుగు.టీటీఎఫ్’ అని ఉత్తగా రాస్తే, షార్ట్‌కట్ ఏ ఫోల్డర్ నుంచి మొదలైతే ఆ ఫోల్డర్‌లో వెతుక్కుని, దొరక్క ఆగిపోతుంది.

పట్టీలు దాచే ఎస్క్యూలైట్ డేటాబేస్ మాత్రం కట్టలో ఉండకూడదు. వన్‌ఫైల్ పద్ధతిలో (అంతా ఒక్క ఎక్జీ ఫైలుగా) కడితే ఎక్జీ తెరిచిన ప్రతిసారీ టెంప్ ఫోల్డర్‌లో ‘_ఎంఈఐ’ అని మొదలయ్యే ఫోల్డర్ పుడుతుంది, మూయగానే పోతుంది. డేటాబేస్ అందులో ఉంటే పొద్దంతా కొట్టిన పట్టీలు సాయంత్రం కిటికీ మూయగానే మాయం. ఎర్రర్ కూడా రాదు. మర్నాడు తెరిస్తే ఖాళీ లిస్టు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టినా లాభం లేదు, మామూలు యూజర్‌కు అక్కడ రాసే అనుమతి ఉండదు.

ఒక్కరే వాడే కంప్యూటర్ అయితే ‘లోకల్ యాప్‌డేటా’ కింద సొంత ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. సేటు ఒక విండోస్ లాగిన్‌తో, గుమాస్తా ఇంకో లాగిన్‌తో తెరిచే చోట అది పనికిరాదు, ఎవరి డేటా వాళ్లకే కనబడుతుంది. అక్కడ ‘ప్రోగ్రామ్‌డేటా’ కింద పెట్టి, ఆ ఫోల్డర్‌కు యూజర్లందరికీ రాసే హక్కు ఇన్‌స్టాలర్‌తో ఇప్పించాలి.

తెలుగు సరిగ్గా రావాలంటే

పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీ ఎఫ్‌పీడీఎఫ్2లో ‘సెట్_టెక్స్ట్_షేపింగ్’ ఆన్ చేయకపోతే ఒత్తులు అక్షరం కింద కూర్చోవు, విడివిడిగా పడతాయి. ఆ పని చేసేది యూహార్ఫ్‌బజ్. మీ పాత పైథాన్‌లో ఎప్పుడో వేసి ఉంటే అక్కడ నడుస్తుంది, కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో వేయడం మరిస్తే కట్టలోకి రాదు, ప్రింట్ నొక్కినప్పుడు గానీ బయటపడదు. ఫాంటు కోసం దుకాణం కంప్యూటర్ మీద ఆధారపడకండి. విండోస్ 7లో గౌతమి ఉంటుంది. విండోస్ 10లో గౌతమి విడిగా వేసుకోవాల్సిన ఫీచర్, మామూలుగా ఉండేది నిర్మలా యూఐ. ఉచిత లైసెన్సు ఉన్న నోటో సాన్స్ తెలుగు గానీ మల్లన్న గానీ కట్టలో పెట్టేస్తే ఈ గొడవే ఉండదు.

లోపల తెలుగు పేర్లున్న ఫైళ్లను తెరిచే ప్రతి ‘ఓపెన్’లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి. రాయకపోతే విండోస్ తన పాత కోడ్‌పేజీ వాడుతుంది, ‘మల్లయ్య’ దగ్గర యూనికోడ్ ఎర్రర్ వస్తుంది.

మొదట నల్ల కిటికీతోనే కట్టండి

పైఇన్‌స్టాలర్ --వన్‌డిర్ --కన్సోల్ --నేమ్ తక్‌పట్టీ --యాడ్-డేటా "ఫాంట్స్:ఫాంట్స్" --హిడెన్-ఇంపోర్ట్ బేబెల్.నంబర్స్ మెయిన్.పై

‘--వన్‌డిర్’ అంటే ఫోల్డర్‌గా కట్టడం, ‘--కన్సోల్’ అంటే ఎర్రర్లు కనబడే నల్ల కిటికీ. యాడ్-డేటాలో కోలన్‌కు ముందున్నది మీ దగ్గరి ఫోల్డర్, తర్వాతది కట్టలో దాని పేరు. 6వ వెర్షన్‌కు ముందు పైఇన్‌స్టాలర్ అయితే విండోస్‌లో కోలన్ బదులు సెమీకోలన్ పెట్టాలి.

హిడెన్-ఇంపోర్ట్ ఎందుకంటే, పైఇన్‌స్టాలర్ కోడ్‌లోని ఇంపోర్ట్ లైన్లు చదివి ఏ లైబ్రరీలు కావాలో తెలుసుకుంటుంది. నడిచేటప్పుడు పేరుతో పిలిపించుకునేవి దాని కంటికి కనబడవు. తేదీ ఎంచుకునే టీకేక్యాలెండర్ పెట్టినవాళ్లకు ‘నో మాడ్యూల్ నేమ్డ్ బేబెల్.నంబర్స్’ ఎర్రర్ బాగా పరిచయం. ఏది రాలేదో తెలియకపోతే బిల్డ్ ఫోల్డర్‌లో ‘వార్న్’ అని మొదలయ్యే టెక్స్ట్ ఫైలు చూడండి. అందులో పీడబ్ల్యూడీ, జీఆర్‌పీ, పోసిక్స్ వంటి లినక్స్ పేర్లు కనబడితే కంగారు పడొద్దు, విండోస్‌లో అవి ఉండనే ఉండవు. మీరు వాడే లైబ్రరీ పేరు ఉందా అన్నదే చూసుకోండి.

నడిపించాల్సిన ఎక్జీ డిస్ట్ ఫోల్డర్‌లో ఉంటుంది. బిల్డ్ ఫోల్డర్‌లో కూడా అదే పేరుతో ఒకటి కనబడుతుంది, అది సగం పని. దాన్ని నొక్కితే ‘ఫెయిల్డ్ టు లోడ్ పైథాన్ డీఎల్ఎల్’ అంటుంది. డిస్ట్‌లోని ఎక్జీని ఒక్కదాన్నే డెస్క్‌టాప్ మీదికి లాగినా అదే మాట. పక్కనున్న ‘_ఇంటర్నల్’ ఫోల్డర్ లేకుండా ఆ ఎక్జీకి ప్రాణం లేదు.

డబుల్ క్లిక్ చేస్తే నల్ల కిటికీ మెరిసి మాయమవుతుంటే సీఎండీ తెరిచి అందులో నుంచి నడపండి, ఎర్రర్ నిలబడి కనబడుతుంది.

అంతా సాఫీగా నడిచాక కన్సోల్ తీసేసి ‘--విండోడ్’ పెట్టండి. అప్పుడు ఎర్రర్లు చెప్పుకునే చోటు పోతుంది. కిటికీలు, బటన్లు చేసే లైబ్రరీ టీకింటర్‌లో బటన్ నొక్కినప్పుడు తప్పు జరిగితే ఏమీ కనబడదు, బటన్ పనిచేయట్లేదని మాత్రం గుమాస్తా ఫోన్ చేస్తాడు. అందుకని ‘రిపోర్ట్_కాల్‌బ్యాక్_ఎక్సెప్షన్’ను మీ సొంత ఫంక్షన్‌తో మార్చి, తప్పును లాగ్ ఫైలులో రాయించి, ఒక మెసేజ్ బాక్స్ చూపించండి. నేరుగా ‘సిస్.ఎస్‌టీడీఅవుట్.రైట్’ వాడిన కోడ్ విండోడ్‌లో ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ ఎస్‌టీడీఅవుట్ విలువ ‘నన్’, అంటే ఖాళీ. మామూలు ప్రింట్ మాత్రం ఊరుకుంటుంది.

మల్టీప్రాసెసింగ్ (ఒకేసారి పలు ప్రాసెస్‌లు నడపడం) వాడితే మెయిన్ మొదట్లోనే ‘ఫ్రీజ్_సపోర్ట్’ పిలవండి. లేకపోతే కిటికీ మీద కిటికీ తెరుచుకుంటూ పోతుంది.

వన్‌ఫైలా, ఫోల్డరా?

ఒక్క ఫైలు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ దుకాణాలకు మా ఓటు ఫోల్డర్‌కే. వన్‌ఫైల్ తెరిచిన ప్రతిసారీ లోపలి సామానంతా టెంప్‌లో విప్పాలి. పాత హార్డ్‌డిస్క్ మీద ఆ ఆలస్యం విసుగు పుట్టిస్తుంది, రాలేదనుకుని ఇంకోసారి నొక్కుతారు, రెండు కాపీలు తెరుచుకుంటాయి. మధ్యలో కరెంటు పోతే ఆ _ఎంఈఐ ఫోల్డర్ అలాగే మిగిలి టెంప్‌లో పేరుకుంటుంది. యాంటీవైరస్‌ల అనుమానం కూడా వన్‌ఫైల్ మీదే ఎక్కువ. అనుమానం తగ్గాలంటే యూపీఎక్స్‌తో కుదించడం మానేయండి, ‘--నోయూపీఎక్స్’ ఇస్తే సరి.

ఒక్క ఫైలే చేతికివ్వాలంటే ఆ ఫోల్డర్‌ను ఇన్నో సెటప్ అనే పనిముట్టుతో సెటప్ ఫైలుగా మార్చండి. డెస్క్‌టాప్ షార్ట్‌కట్, అన్‌ఇన్‌స్టాల్ రెండూ అదే పెడుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ దొరకని చోట ‘ప్రివిలేజెస్‌రిక్వైర్డ్’ విలువ ‘లోయెస్ట్’ అని పెట్టండి. ఉమ్మడి డేటా ఫోల్డర్ కావాలంటే మాత్రం అడ్మిన్ తప్పదు, ‘డిర్స్’ విభాగంలో ‘యూజర్స్-మోడిఫై’ అనుమతి రాయాలి.

చేరవేయడం

జీమెయిల్ ఎక్జీని పంపనివ్వదు, జిప్‌లో పెట్టినా పట్టేస్తుంది. డ్రైవ్ లింకో పెన్‌డ్రైవో దారి. నెట్ నుంచి దించితే సంతకం లేని ఎక్జీకి స్మార్ట్‌స్క్రీన్ నీలి పెట్టె అడ్డం రావచ్చు, ‘మోర్ ఇన్ఫో’ నొక్కితే ‘రన్ ఎనీవే’ కనబడుతుంది. ఈ రెండు నొక్కుళ్లు ముందే చెప్పి ఉంచండి. యాంటీవైరస్‌ను మొత్తానికే ఆపేయమని ఎవరికీ చెప్పొద్దు, మీ ఫోల్డర్‌కు మినహాయింపు ఇవ్వడం చాలు.

ఇచ్చే ముందు పైథాన్ ఎప్పుడూ వేయని కంప్యూటర్‌లో నడిపి చూడాలి. విండోస్ 10, 11 ప్రోలో విండోస్ శాండ్‌బాక్స్ (ఒక కిటికీలో తెరుచుకునే ఖాళీ విండోస్) ఉంటుంది, హోమ్‌లో ఉండదు. హోమ్ ఉన్నవాళ్లు వర్చువల్‌బాక్స్‌లో విండోస్ వేసి చూడాలి. తెరుచుకుంది కదా అని వదిలేయొద్దు: ఒక పట్టీ కొట్టి, ప్రింట్ తీసి, ‘క్వింటాళ్లు’, ‘స్వర్ణలక్ష్మి’ లాంటి ఒత్తులున్న మాటలు కాగితం మీద చూసి, మూసి మళ్లీ తెరిచి ఆ పట్టీ ఉందో లేదో చూడండి.

మార్పులు చేసి మళ్లీ కట్టేటప్పుడు మొదటిసారి పుట్టిన స్పెక్ ఫైలునే పైఇన్‌స్టాలర్‌కు ఇవ్వండి. యాడ్-డేటా, హిడెన్-ఇంపోర్ట్ అన్నీ అందులోనే ఉంటాయి, మార్చాలంటే ఆ ఫైల్లోనే మార్చాలి. ఇన్నో సెటప్‌లో ‘యాప్ఐడీ’ మాత్రం మార్చకండి. అదే ఐడీ ఉంటే కొత్త సెటప్ పాతదాని మీదే కూర్చుంటుంది, మారిస్తే కంట్రోల్ ప్యానెల్‌లో రెండు తక్‌పట్టీలు కనబడతాయి.