చూసిన సినిమాకు ఐదు వాక్యాలు – 3వ పాఠం: కథ ఎక్కడ ఆపాలి?

పోయిన పాఠంలో మొదటి వాక్యం ఎలా ఎత్తుకోవాలో చూశాం. సినిమా పేరు, ఎందుకు వెళ్ళాం, ఏం ఆశించి వెళ్ళాం, ఈ మూడూ ఒక్క వాక్యంలో ఇమడాలి. ఇక మిగిలినవి నాలుగు వాక్యాలు. చాలామంది ఆ నాలుగూ కథకే ఖర్చుపెట్టేస్తారు. అభిప్రాయం దగ్గరికి వచ్చేసరికి చోటు ఉండదు, 'ఒకసారి చూడొచ్చు' అని రాసి దండం పెట్టేస్తారు.

మనం విమర్శకులం కాదు. టికెట్టు కొనుక్కుని వెళ్ళినవాళ్ళం, లేదా రాత్రి అన్నం తిన్నాక ఓటీటీలో పెట్టుకుని చూసినవాళ్ళం. మన నుంచి ఎవరూ పూర్తి కథ ఆశించరు, నిజానికి ఎవరికీ అది అక్కర్లేదు కూడా. కాకపోతే కథ బొత్తిగా చెప్పకపోతే అభిప్రాయం గాల్లో వేలాడుతుంది. అందుకని కొంత చెప్పాలి. ఎంత?

నేను పాటించే కొలత ఇది: ముడి పడేదాకా చెప్పు, విప్పడం చెప్పకు. ఎవరికి ఏం కావాలి, దానికి ఏం అడ్డం వచ్చింది, అంతే. ఈ రెండూ కలిపి రెండు వాక్యాలు దాటకూడదు. మన సినిమాల్లో ఇంకో గీత కూడా ఉంది, విశ్రాంతి. రచయితలు అక్కడికి ఏదో ఒక పెద్ద మలుపు పెట్టుకుంటారు. ఆ మలుపును మీరు ముందే చెప్పేస్తే, చూడబోయేవాడు పాప్‌కార్న్ కోసం లేచేటప్పుడు ఉండాల్సిన కుతూహలాన్ని లాగేసుకున్నట్టే. కాబట్టి ఇంటర్వెల్ గీత దాటొద్దు.

ఉదాహరణకు 'బలగం' తీసుకుందాం. 2023 మార్చిలో వచ్చింది, వేణు యెల్దండి దర్శకుడు. మొదటిసారి రాసేవాళ్ళు దీన్ని ఇలా రాస్తారు:

'సాయిలు అనే కుర్రాడికి అప్పులుంటాయి. నిశ్చితార్థం అయితే కట్నం డబ్బుతో తీర్చేద్దామనుకుంటాడు. ఇంతలో తాత కొమురయ్య చనిపోతాడు. మూడో రోజు పిండం పెడితే కాకి ముట్టదు. ఇంట్లో గొడవలు మొదలవుతాయి. ఐదో రోజు కూడా ముట్టదు. చివరికి పదకొండో రోజు ఏం జరిగిందనేదే కథ. అందరూ బాగా చేశారు.'

ఎనిమిది వాక్యాలు. ఇందులో రాసినవాడు ఎక్కడున్నాడు? చివరి మూడు మాటల్లో. మిగతాదంతా సినిమా చూడని మనిషి కూడా ఎవరినో అడిగి రాయగలిగిందే. పైగా 'అనేదే కథ' అన్న తోక ఒకటి. దాన్ని కోసి పారేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు కొలత పెట్టి చూద్దాం. సాయిలుకు కావాల్సింది డబ్బు. అడ్డం వచ్చింది తాత చావు. అసలు ముడి కాకి దగ్గర పడుతుంది. ఐదో రోజు, పదకొండో రోజు సంగతులు మనకు అనవసరం. అప్పుడు ఇలా వస్తుంది:

'కట్నం డబ్బుతో అప్పులు తీర్చుకుందామని సాయిలు కాచుకుని ఉంటే తాత కాస్తా పోతాడు, పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. చావింట్లో ఇంత నవ్వొచ్చినందుకు మొదట సిగ్గేసింది. విందులో నల్లిబొక్క (మూలుగ ఎముక) వెయ్యలేదని అలిగిన అల్లుడు ఆ పంతాన్ని ఏళ్ల తరబడి మొయ్యడం మాత్రం మా చుట్టాల్లో ఎవరికీ వింతగా తోచదు. పాటలతో కథలు చెప్పే బుడగ జంగాల కొమురమ్మ, మొగిలయ్య పాట అందుకున్నాక పక్క సీటు వైపు తల తిప్పలేకపోయాను. అప్పులవాళ్ళ హాస్యం కాస్త సాగదీశారు.'

ఐదు వాక్యాలే. కథకు ఒక్కటి సరిపోయింది. మిగిలిన నాలుగింటిలో చూసిన మనిషి కనబడుతున్నాడు. నల్లిబొక్క సంగతి చెప్పడం కథ బయటపెట్టినట్టు కాదా అని అడగొచ్చు. కాదనే అంటాను. అది గొడవకు మూలం మాత్రమే, ఆ గొడవ ఏమవుతుందో నేను చెప్పలేదు. పాట సంగతీ అంతే. పాట ఉందని చెప్పడం వేరు, పాడినవాళ్ళు ఆ కుటుంబానికి ఏం చెప్పారో రాసేయడం వేరు. తెలంగాణ పల్లెల్లో జనం ఊరి నడుమ తెర కట్టుకుని మరీ ఈ సినిమా చూశారంటే అది కథ కోసం మాత్రమే అనుకోను. తమ ఇంటి మాట, తమ ఇంటి అలక తెర మీద కనబడ్డాయి. మీ అభిప్రాయంలో రావాల్సింది అది.

ఇక కథ ఒక్క ముక్క చెప్పకుండా సినిమాను పాడుచేసే పద్ధతి ఒకటుంది. 'చివరి పది నిమిషాలు మాత్రం మిస్సవకండి.' 'క్లైమాక్స్ ట్విస్టు అస్సలు ఊహించలేరు.' రాసినవాడు తానేమీ చెప్పలేదనే అనుకుంటాడు. చదివినవాడు మాత్రం మొదటి సీను నుంచీ పోలీసు కుక్కలా వాసన చూస్తూ కూర్చుంటాడు.

'కేరాఫ్ కంచరపాలెం'కు (2018, దర్శకుడు వెంకటేష్ మహా) ఇదే అన్యాయం జరిగింది. ఎవరిని అడిగినా ముందు చివర గురించే చెప్పారు. దాని ఊసే ఎత్తకుండా రాయాలంటే? అందులో ఒక్క ముడి అంటూ లేదు, నాలుగు కథలున్నాయి. అలాంటప్పుడు కథ బదులు చోటు చెప్పండి:

'విశాఖలోని కంచరపాలెంలో బడిపిల్లల దగ్గర్నుంచి నలభై తొమ్మిదేళ్ల అటెండరు రాజు దాకా నాలుగు ప్రేమలు. నటించినవాళ్ళలో చాలామంది ఆ పేటవాళ్ళే కావడంతో యాస ఎక్కడా అరువు తెచ్చుకున్నట్టు లేదు. బ్రాందీ షాపులో పనిచేసే గడ్డం, ముసుగులోంచి కళ్ళు మాత్రమే కనబడే సలీమా కోసం రోజూ ఎదురుచూడటం అన్నిటికన్నా నచ్చింది. కొత్తవాళ్ళు కాబట్టి కొన్నిచోట్ల మాటలు అప్పజెప్పినట్టు వినబడతాయి, సర్దుకుపోవచ్చు.'

నాలుగే వచ్చాయి. ఐదు నింపాలని రూలేమీ లేదు.

కోర్టు సినిమాల దగ్గర ఇంకో చిక్కు. తీర్పు చెప్పకూడదని అందరికీ తెలుసు. అయినా 'చివరికి న్యాయం గెలిచింది', 'మనసు బరువెక్కింది' అని రాసి తీర్పు చెప్పేస్తారు. 2025 మార్చిలో వచ్చిన 'కోర్ట్' గురించి రాసేటప్పుడు నాకు ముఖ్యమనిపించింది కాలం. కథ 2013లో విశాఖలో జరుగుతుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల రక్షణకు తెచ్చిన పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబరు 14న. అంటే చట్టానికి అప్పటికి నిండా ఏడాది అటూ ఇటూ, దాని పదును ఎంతో మామూలు జనానికి తెలియని రోజులు. పందొమ్మిదేళ్ల చందు, పదిహేడేళ్ల జాబిలి ప్రేమించుకుంటే, అమ్మాయి మామయ్య మంగపతి ఆ చట్టాన్నే అబ్బాయి మీదికి తిప్పుతాడు. ముడి ఇదే, ఇక్కడ ఆగాలి. తర్వాతి వాక్యం మంగపతిగా వేసిన శివాజీకి ఇవ్వొచ్చు. ఆ పాత్రలో ఆయన గదిలోకి అడుగుపెడితే చాలు, ఇంట్లోవాళ్ళ గొంతులు తగ్గిపోతాయి. ప్రేమకథ వరకు కొత్తదనం లేదని కూడా మొహమాటం లేకుండా రాసేయొచ్చు.

ముగింపు లోకమంతటికీ తెలిసిన కథైతే? సావిత్రిగారు పంతొమ్మిది నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న కన్నుమూశారు. 'మహానటి' (2018) మొదలవ్వడమే ఆమె స్పృహ తప్పడంతో మొదలవుతుంది. దర్శకుడు నాగ్ అశ్విన్ దాచనిది మనం దాచనక్కర్లేదు. అలాంటి సినిమాకు ఏం జరిగిందో కాకుండా ఎలా చెప్పారో రాయండి. నత్తి ఉన్న విలేకరి మధురవాణి, ఫొటోగ్రాఫర్ ఆంటోనీ ఆమె జీవితాన్ని తవ్వుకుంటూ పోవడం ఒక వాక్యం. ఎడమ కంటి నుంచి రెండే చుక్కలు రాలాలని షూటింగులో దర్శకుడు సావిత్రిని అడిగే సన్నివేశం ఇంకో వాక్యం. నాకైతే విలేకరి భాగం కాస్త ఎక్కువైందనిపించింది, సావిత్రి దగ్గరే ఉండనిస్తే బాగుండేదనిపించింది. మీకు అది నచ్చి ఉండొచ్చు. అలాగే రాయండి.

పాత సినిమాలకు ఈ కట్టుబాట్లు పెద్దగా పెట్టుకోవద్దు. 1957 నాటి 'మాయాబజార్'లో శశిరేఖ పెళ్ళి ఎవరితో జరుగుతుందో దాచిపెట్టి మీరు సాధించేది ఏమీ లేదు.

ఈ వారం అభ్యాసం: ఈమధ్య చూసిన సినిమా ఒకటి తీసుకోండి. దాని కథను రెండు వాక్యాల్లో రాయండి. మొదటిదాంట్లో ఎవరికి ఏం కావాలో ఉండాలి, రెండోదాంట్లో ఏం అడ్డం వచ్చిందో ఉండాలి. పాత్రల పేర్లు రెండుకు మించొద్దు. ఇంట్లో ఆ సినిమా చూడనివాళ్ళకు చదివి వినిపించండి. 'ఊఁ, తర్వాత?' అన్నారంటే సరిగ్గా ఆపారు. 'ఓహో, అదా' అని ఫోన్లో తల దూర్చారంటే ఎక్కువ చెప్పేశారు, రెండో వాక్యాన్ని సగానికి కోయండి. 'ఎవరు ఎవరికి ఏమవుతారు?' అని అడిగారంటే తక్కువైంది, ఒక్క చుట్టరికం చేర్చండి. ఆ రెండు వాక్యాలూ దాచుకోండి. నాలుగో పాఠంలో నటన గురించి రాస్తాం, అప్పుడు వాటికిందే మూడోది కలపాలి.