పెనుశిల అడవిని రోజుకో దిక్కుగా ఎలా చూడాలి?

నెల్లూరు జిల్లా పడమటి అంచున వెలిగొండల వెంట పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. కొండ, కోన, చిట్టడవి, చుట్టుపక్కల రెండు పెద్ద జలాశయాలు. అన్నీ ఒక్కరోజులో చుట్టేద్దామనుకుంటే కారు కిటికీ తప్ప ఏదీ గుర్తుండదు. రోజుకో దిక్కు పెట్టుకుని, నీళ్ల వెంట వెళ్లండి.

ముందు కాలం చూసుకోండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అవి వెనకబట్టాక, జనవరిలో బయల్దేరితే వాగులు పారుతుంటాయి, ఎండా బాధించదు.

మొదటి రోజు నరసింహస్వామి గుడి ఉన్న పెంచలకోనకే. పొదలకూరు, రాపూరు, గోనుపల్లి మీదుగా దారి. రద్దీ వద్దనుకుంటే శనివారం మానుకోండి. శిలలు పెనవేసుకున్నట్టు స్వామి వెలిశాడు గనక పెనుశిల, అదే నోట్లో నలిగి పెంచల అయింది. మన ఊళ్లలో ఇన్ని వందల మంది పెంచలయ్యలు, పెంచలమ్మలు ఈ కొండ పేరు మోస్తున్నవాళ్లే. స్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని అలిగి ఆదిలక్ష్మమ్మ ఏటి అవతలికి వెళ్లిందంటారు. ఆ గుడీ చూడండి.

దర్శనం కాగానే వెనక్కి మళ్లకండి. కోనలో వాగు వెంట, జనం తిరిగే మేరకు నడవండి. నీళ్ల కింద పచ్చగా మెరిసే బండ మీద కాలు పెట్టొద్దు, అది పాకుడు. తెల్లగా ఎండిన బండలే చూసుకుని అడుగెయ్యండి. కొండ మీద మబ్బు కమ్మినా, వాగు నీళ్లు ఎర్రబారినా ఆ క్షణమే గట్టెక్కాలి. అటవీ సిబ్బంది అనుమతి లేకుండా లోపలికి వెళ్లొద్దు. ఇది ఎర్రచందనం అడవి, గుర్తుకని పుల్లముక్క కూడా తెచ్చుకోకండి.

రెండో రోజు కండలేరు జలాశయం, రాపూరు దగ్గరే. 68 టీఎంసీల నీళ్లకు మట్టికట్టే ఆసరా. చెన్నైకి తాగునీళ్లు ఇక్కడి నుంచే వెళ్తాయి. పొద్దున్నే వెళ్తే పక్షులు కనిపిస్తాయి, మధ్యాహ్నం నీడ దొరకదు.

మూడో రోజు ఆత్మకూరు మీదుగా సోమశిల. పెన్న వెలిగొండలను చీల్చుకుని మైదానంలోకి దిగేది ఇక్కడే. కండలేరుకు నీళ్లు అందేదీ ఇక్కడి నుంచే. కొండల వెనక పొద్దు వాలేదాకా ఉండాలనిపిస్తుంది. బస్సులో వచ్చినవాళ్లు మాత్రం ఆత్మకూరుకు ఆఖరి బస్సు ఎప్పుడో దిగగానే అడిగి పెట్టుకోండి.