రిసెప్షన్‌లో కుర్చీల గొడవ ఇలా తీర్చాం
మా చెల్లి నిశ్చితార్థంలో ముందు సోఫాలు మా వీధి పిల్లలు ఆక్రమించేశారు. వియ్యపురాలు వెనకెక్కడో, ఫ్యాను లేని చోట కూర్చున్నారు. ఆ అలక తీరడానికి నెల పట్టింది.

అందుకే రిసెప్షన్‌కి మొదటి రెండు వరసల కుర్చీలకు ఎర్ర గుడ్డ కట్టించి, అక్కడ బాబాయిని నిలబెట్టాను. పేర్ల చీటీలు అంటిస్తే మనవాళ్ళు చూడరండీ. "రండి బావగారూ, ఇటు" అని చెయ్యి చూపించే మనిషి ఉండాలి.

అసలు టెన్షన్ భోజనాల దగ్గర. తింటున్నవాళ్ళ కుర్చీ వెనకే తర్వాతి బంతివాళ్ళు కాచుకుని నిలబడతారు, ముద్ద దిగదు. డైనింగ్ హాలు తలుపు మూయించి, బయట 50 కుర్చీలు వేయించాం. ఆకులు తీసి, బల్లల మీద కొత్త పేపరు పరిచాకే లోపలికి పిలిచాం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి చేతులు కడిగే చోటు దగ్గర ఒక బల్ల వదిలేశాం.

ఫొటోగ్రాఫరు మాత్రం చివరిదాకా ముందు వరసకి అడ్డంగానే ఉన్నాడు.