కిడ్నీ రాళ్ల ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కిడ్నీ పనితీరును కనిపెట్టుకోవడం ఎలా

కిడ్నీకి చిల్లు పెడితే పాడైపోదా అన్నది పీసీఎన్‌ఎల్ (వీపు వైపు నుంచి కిడ్నీలోకి సన్నని దారి వేసి రాళ్లు తీసే ఆపరేషన్) పేరు వినగానే వచ్చే మొదటి అనుమానం. వీపు వైపు నుంచి వేసే ఆ దారి మామూలు పద్ధతిలో 8 నుంచి 10 మిల్లీమీటర్లు, మినీ పీసీఎన్‌ఎల్‌లో 5 నుంచి 6 మిల్లీమీటర్లు. కణజాలాన్ని కోయకుండా, దారిని మెల్లగా వెడల్పు చేసే డైలేటర్లతో పక్కకు జరిపి వేస్తారు కాబట్టి, మానాక మిగిలే మచ్చ సాధారణంగా కిడ్నీలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఆర్‌ఐఆర్‌ఎస్ అనే ఇంకో పద్ధతిలో స్కోపు (కెమెరా ఉన్న సన్నని గొట్టం) మూత్రమార్గంలోంచే పైకి వెళ్తుంది, చిల్లన్న మాటే లేదు. కిడ్నీని నిజంగా దెబ్బతీసేవి వేరే ఉన్నాయి: లోపల పెరిగే ఒత్తిడి, ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం, ఆపరేషన్ అయ్యాక ఎవరూ పట్టించుకోని అడ్డంకి.

ముందు చేయించాల్సినవి

క్రియాటినిన్ (కిడ్నీ మందగిస్తే రక్తంలో పెరిగే వ్యర్థం), ఈజీఎఫ్‌ఆర్ (దాన్నిబట్టి లెక్కగట్టే కిడ్నీ వడపోత వేగం) తప్పనిసరి. ఆపరేషన్ తర్వాత మూడు నెలల దాకా వచ్చే ప్రతి అంకెనూ వీటితోనే పోల్చాలి కనుక, వీలైతే అన్నిసార్లూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. అయితే క్రియాటినిన్ నార్మల్‌గా ఉందని నిశ్చింతగా ఉండకండి. ఒక కిడ్నీ మూలనపడ్డా రెండోది బరువంతా మోస్తుంది, రిపోర్టు చక్కగానే కనిపిస్తుంది. స్కాన్‌లో కిడ్నీ బాగా ఉబ్బి, కండభాగం పలచబడినట్టు ఉంటే రీనోగ్రామ్ అనే స్కాన్ అడగండి. మొత్తం పనిలో ఏ కిడ్నీ వాటా ఎంతో అది చెబుతుంది. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మామూలే. 10 శాతం లోపుకి పడిపోయిన కిడ్నీలో రాయి తీయడం కంటే ఆ కిడ్నీనే తీసేయడం మేలా అన్న చర్చ వస్తుంది. ఆ నిర్ణయానికి తొందరపడకూడదు. మూత్రం అడ్డుపడి ఉన్నప్పుడు చేసిన స్కాన్ కిడ్నీ సత్తాను తక్కువ చేసి చూపవచ్చు. నెఫ్రోస్టమీ ట్యూబో (వీపు నుంచి కిడ్నీలోకి వేసి మూత్రాన్ని సంచిలోకి వదిలే గొట్టం) డీజే స్టెంటో (కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా లోపలే ఉండే సన్నని గొట్టం) వేసి, 4 నుంచి 6 వారాలు ఆగి మళ్లీ చూస్తే కొన్ని కిడ్నీలు తేరుకుని ఉంటాయి.

యూరిన్ కల్చర్‌లో సూక్ష్మజీవి పెరిగితే, దానికి పనిచేసే యాంటీబయాటిక్ మొదలుపెట్టాకే ఆపరేషన్. జ్వరం, అడ్డంకి రెండూ కలిసి ఉంటే ఆ రోజు రాయి జోలికి వెళ్లకూడదు. ముందు చీమునూ మూత్రాన్నీ బయటికి వదిలే దారి చేయాలి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, ఆపరేషన్‌కు ముందూ వెనకా ఉండే రోజుల్లో వాటిని డాక్టరును అడగకుండా వేసుకోకండి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, బీపీ మాత్రలు, రక్తం పలచబరిచే మందులు ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకోండి.

ఆపరేషన్ బల్ల మీద

రాయి పొడిని కడగడానికి సెలైన్ పంపుతారు. వచ్చిన నీరు వచ్చినట్టే బయటికి పోకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అది 30, 40 సెంటీమీటర్ల ఎత్తు నీరు కలిగించే ఒత్తిడిని దాటితే ఆ నీరు, దానితోపాటు సూక్ష్మజీవులు వెనక్కి, రక్తంలోకి తోసుకుపోతాయి. ఆ రాత్రి వచ్చే చలిజ్వరానికి తరచూ ఇదే కారణం. అందుకే నీరు సులువుగా బయటికి పోయేలా స్కోపు చుట్టూ తగిన షీత్ (గొట్టం లాంటి తొడుగు) వాడతారు, పనిని వీలైతే గంటన్నర లోపే ముగిస్తారు. రాయి పెద్దదై రెండు విడతల్లో చేద్దామని సర్జన్ అంటే అది చేతకానితనం అనుకోకండి, కిడ్నీని కాపాడే ఆలోచన అది.

మొదటి వారం

మర్నాడు క్రియాటినిన్ కాస్త పెరగడం మామూలే. ఎంతవరకు? 48 గంటల్లో 0.3 (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో) పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లు అయినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. అంటే 1.0 ఉన్నవారికి రెండు రోజుల్లో 1.3. సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తుంటే రక్తం పలచబడి అంకె తక్కువగా కనిపించవచ్చు, కాబట్టి మూత్రం కొలత కూడా చూడాలి. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు రావాలి. 60 కిలోల మనిషికి 6 గంటల్లో 180 మిల్లీలీటర్ల కంటే తగ్గితే చెప్పాలి. క్యాథెటర్ సంచినీ నెఫ్రోస్టమీ సంచినీ కలిపి లెక్కేయడం మర్చిపోతుంటారు. అడ్డంకి తొలగిన కిడ్నీ కొన్నిసార్లు ఇందుకు తలకిందులుగా రోజుకు 3 లీటర్లకు మించి వదులుతుంది. అప్పుడు సోడియం, పొటాషియం చూడాలి.

స్టెంట్ ఉన్నన్నాళ్లు మూత్రం లేత ఎరుపుగా రావచ్చు. పీసీఎన్‌ఎల్ అయిన 1 నుంచి 3 వారాల్లో ఉన్నట్టుండి చిక్కటి ఎరుపు, గడ్డలు పడితే మాత్రం వెంటనే వెళ్లండి. లోపలి ధమని గోడ బలహీనపడి ఉబ్బి పగిలి ఉండవచ్చు. ఎంబొలైజేషన్‌తో (రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి లోపలే అడ్డు వేయడం) ఆ చిన్న కొమ్మను మూసేస్తారు, అది రక్తం ఇచ్చే మేర మాత్రమే పోతుంది.

స్టెంట్, ఆ తర్వాత

డీజే స్టెంట్ తీయాల్సిన తేదీని ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. సాధారణంగా కొద్ది వారాల్లో తీసేస్తారు. నెలల తరబడి వదిలేస్తే దానిమీదే రాయి పేరుకుని, మూత్రం అడ్డుపడి, ఆపరేషన్ కాపాడిన కిడ్నీని అది చంపేస్తుంది.

స్టెంట్ తీసిన 4 నుంచి 6 వారాలకు అల్ట్రాసౌండ్ చేయించండి, నొప్పి లేకపోయినా సరే. స్కోపు, లేజర్ రాపిడి వల్ల మూత్రనాళం సన్నబడితే కిడ్నీ చడీచప్పుడు లేకుండా ఉబ్బుతుంది. మూడో నెలలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, బీపీ చూడాలి. తాత్కాలికపు ఎగుడుదిగుళ్లు అప్పటికి సర్దుకుంటాయి కాబట్టి ఇకమీదట పోల్చుకోవాల్సింది ఆ అంకెతోనే. ఇటీవలే అడ్డుపడిన కిడ్నీ అయితే మునుపటి కంటే మెరుగైన అంకె రావచ్చు. ఏళ్ల తరబడి ఉబ్బి ఉన్నదాంట్లో అంత ఆశ పెట్టుకోలేం, పోకుండా నిలబడితే అదే లాభం. షుగర్, బీపీ, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ ఉన్నవారికి నష్టం ఎక్కువ. ఇన్‌ఫెక్షన్ వల్ల ఏర్పడిన రాళ్ల ముక్క కాస్త మిగిలినా మళ్లీ పెరుగుతుంది, కనుక రాయి ఏ రకమో తెలిసేలా తీసినదాన్ని పరీక్షకు పంపించండి.

ఒకే కిడ్నీ ఉన్నవారు మూత్రం పూర్తిగా ఆగిపోతే తెల్లారేదాకా ఆగకూడదు. అదే రాత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.